ఖాదర్ మావయ్య వెనక ఆరేసిన గుడ్డలు

నిన్న పొద్దున్నే గుడివాడ నుంచి ప్రసాద్ ఫోన్ చేశాడు.

"మావయ్య పోయార్రా" అన్నాడు. ఏ మావయ్య అని నేను అడగలేదు. ఫోన్ పెట్టేసి బందరు బస్సెక్కాను.

పోయిన నెలే మాట్లాడాను. "మోకాళ్లు మాట వినట్లేదు గానీ చేతులు బానే ఉన్నాయిరా, ఎప్పుడొస్తావ్?" అన్నారు. వచ్చే వారం అన్నాను. ఆ వారం రానే లేదు.

ఖాదర్ మావయ్య మీలో చాలామందికి తెలియదు. బందరులో మా వెనక వీధి. కలంకారీ అద్దకం పని. పుట్టింది రంగూన్‌లో. అక్కడ పక్కింటి చైనా తాత దగ్గర ఒక విద్య నేర్చుకుని, పాతికేళ్లకి బందరు వచ్చేశారు.

దాన్ని తాయ్ చీ పుష్ హ్యాండ్స్ అంటారని నాకు యూట్యూబ్ వచ్చాకే తెలిసింది. మావయ్య మాత్రం "చేతులాట" అనేవారు.

డెబ్బై ఏడు ఉప్పెన వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది. నేను కాలేజీలో ఉన్నాను. ఊరంతా కరాటే పిచ్చి. నేను మాత్రం రోజూ సాయంత్రం మావయ్య దొడ్లో చేతులాట.

ఇద్దరం ఎదురెదురుగా నిలబడి మణికట్టుకి మణికట్టు ఆనించాలి. ఒకరు తొయ్యాలి, రెండోవారు ఎదురు తొయ్యకుండా నడుము తిప్పి ఆ బలాన్ని పక్కకి పంపెయ్యాలి. అంతే. ఆరు నెలలు అదే.

"అచ్చుని గుడ్డ మీద బలంగా గుద్దితే రంగు పాకుద్దిరా. చేతి బరువు మాత్రం దాని మీద వదలాలి. ఇదీ అంతే" అనేవారు.

ఆయన ఎప్పుడూ తడి గుడ్డలు ఆరేసిన దండేనికి వీపు పెట్టి నిలబడేవారు. అన్నాళ్లూ ఎంత తోసినా ఆయన వీపు ఒక్క గుడ్డకి తగల్లేదు. నేనే వెళ్లి మట్టిలో పడేవాణ్ణి.

మా క్లాస్‌మేట్లు గోడ మీంచి చూసి "ఏరా, తిరగలి తిప్పడం అయిందా?" అని అడిగేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. వీళ్లకి చూపించాలి అనుకున్నాను. గుడివాడలో కరాటే వాళ్లు స్పారింగ్ పోటీలు పెడుతుంటే పేరిచ్చేశాను.

"ఇప్పుడే వద్దురా" అన్నారు మావయ్య. విన్లేదు. పాపం, ఆయనా బస్సెక్కి నా వెంట వచ్చారు.

నాకు ఎదురు నిలబడ్డవాడే ప్రసాద్.

రిఫరీ మొదలెట్టమన్నాడు. నేను కుడి చెయ్యి ముందుకి చాపి, వాడు మణికట్టు ఆనిస్తాడని ఎదురుచూస్తూ నిలబడ్డాను. మా దొడ్లో ఆట అలాగే కదా మొదలయ్యేది.

వాడు నా చేతి వంక ఒకసారి చూశాడు. తర్వాత పొట్టలో తన్నాడు.

లేచాను. చెయ్యి మళ్లీ దానంతటదే ముందుకి వెళ్లింది. మళ్లీ తన్నాడు. హాలంతా ఒకటే నవ్వులు.

తిరుగు ప్రయాణంలో గుడ్లవల్లేరు దాటాక, బస్సు నిండా జనం ఉండగా అన్నాను: "మీ ఆట ఫైటింగ్‌కి పనికిరాదు మావయ్యా. తిరగలి తిప్పుకోడానికి తప్ప."

పెడనలో బస్సు ఆగాక ఆయన నా వైపు తిరిగారు.

"తప్పు నాదేరా" అన్నారు. "చేతులు కలిశాక ఏం చెయ్యాలో చెప్పా. కలిసేదాకా ఏం చెయ్యాలో చెప్పలా."

నేను కిటికీ వైపు తిరిగాను. మర్నాటి నుంచి వెళ్లడం మానేశాను.

పది రోజుల తర్వాత ప్రసాద్ మా గుమ్మంలో ఉన్నాడు. ఆ రోజు హాల్లో మావయ్య వాడితో, "కాలు బాగుంది అబ్బాయ్, ఎదుటివాడి చెయ్యి దగ్గరికొస్తేనే బెదురుతున్నావ్, ఒకసారి బందరు రా" అన్నారట. పోటీ కాగితాల్లో నా చిరునామా చూసుకుని, దారి చూపించమని నా దగ్గరికొచ్చాడు. సిగ్గుతో చస్తూ తీసుకెళ్లాను.

మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. వాడి మణికట్టు తన మణికట్టు మీద పెట్టుకున్నారు.

నన్ను రెండు తన్నులకి పడేసినవాడు నాలుగుసార్లు మోకాళ్ల మీద పడ్డాడు. ఒకసారి చెయ్యి తగిలిందంటే వాడి బలం వాడిది కాదు. ఆ ఆట దేనికి పనికొస్తుందో నాకు అప్పుడు తెలిసింది.

అయిదోసారి వాడు ఆట మరిచిపోయాడు. పళ్లు బిగించి, రెండు చేతులతో తొయ్యడం మొదలెట్టాడు. తోస్తూ తోస్తూ ఏడ్చేశాడు.

వాడిది దివిసీమ. ఉప్పెనలో అమ్మ, తమ్ముడు పోయారు. ఆ రాత్రి వాడి చేతిలోంచే తమ్ముడి చెయ్యి జారిపోయిందట. ఇవన్నీ మాకు తర్వాత చెప్పాడు.

అప్పటికి మావయ్యకీ తెలియదు. అయినా ఆయన నడుము తిప్పలేదు. ఆ తోపుల్ని పక్కకి పంపలేదు. ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ మొత్తం తన మీదికి తీసుకున్నారు.

"తొయ్యి అబ్బాయ్. ఇంకా తొయ్యి."

ఆయన వీపు తడి గుడ్డల్లోకి వెళ్లిపోయింది. దండెం తెగింది. రెండు రోజుల అద్దకం మట్టిపాలైంది.

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం ఇద్దరం వెళ్లాం. ప్రసాద్ కాలు దాటి వాడి చెయ్యి అందుకోవడం నేర్చుకోడానికి నాకు ఏడాది పట్టింది. చెయ్యి అందిన తర్వాత మాత్రం వాడు నన్ను పడెయ్యలేకపోయాడు. కప్పులేం గెలవలేదు.

నిన్న సాయంత్రం అసర్ నమాజు తర్వాత మావయ్యని మట్టిలో పెట్టాం. అందరితో పాటు మేమూ మూడేసి గుప్పిళ్ల మట్టి వేశాం.

బయటికి వస్తుంటే గేటు దగ్గర ప్రసాద్ ఆగి కుడి చెయ్యి చాపాడు. నేను మణికట్టు ఆనించాను. ఇద్దరికీ అరవై దాటాయి. ఎవరం తొయ్యలేదు.

మావయ్యా, బస్సులో నేనన్న మాట తప్పు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు.

ఇంక ఎవరి తోపూ మీరు కాచుకోనక్కర్లేదు. హాయిగా పడుకోండి. ఆ దేవుడు మిమ్మల్ని మెత్తగా అందుకోవాలి.