నీళ్ళ చెంబు ఉన్న చోట

ఎల్లారెడ్డి బజారులో కొయ్య సుత్తి చప్పుడు విని కంచరి దుకాణం ముందు ఆగిపోయాను. లోపల పాత ఇత్తడి గిన్నె అడుగును చదును చేస్తున్నారు. యుద్ధం వచ్చాక కొత్త ఇత్తడి దొరకడం కష్టమై, అందరూ పాతవే బాగుచేయించుకుంటున్నారు. కంచరి గిన్నెను బండ మీద పెట్టి అంచును వేలితో నొక్కాడు. గిన్నె కదలలేదు. ఆ నొక్కుడు చూడగానే నాకు బాలవ్వ కళ్ళముందు నిలిచింది.

బాలవ్వ కామారెడ్డి స్టేషను దగ్గరి బియ్యం మిల్లులో, సేటుగారి అతిథి గృహానికి వంట చేసేది. సొంత ఊరు ఎల్లారెడ్డి. నేనెరిగేనాటికే అరవైకి దగ్గర పడింది. హైదరాబాదులో కరెంటు పని చదువుకొని, మిల్లు డైనమో చూసుకోవడానికి నేను కొత్తగా చేరిన రోజులవి. సేటుగారు పట్నం నుంచి కరెంటు పొయ్యి తెప్పించారు. మట్టి పళ్ళెంలో గాడులు, గాడుల్లో చుట్టలు తిరిగిన తీగ, అంతే. నేను దాన్ని బిగించి, తొమ్మిది నియమాలు రాసి గోడకు అంటించాను. తడి చేత్తో ముట్టరాదు. గిన్నె దించేముందు స్విచ్చు ఆపాలి. నీళ్ళు పడరాదు. మట్టి పాత్ర వద్దు, లోహపుదే వాడాలి. ఇలా ఉన్నాయి అవి. బాలవ్వకు చదువు రాదని అంటించిన తరువాత గాని నాకు తట్టలేదు. చదివి వినిపించాను.

ఆమె భయపడలేదు. పొయ్యి చుట్టూ తిరిగి చూసింది, వంగి వాసన చూసింది. పొగ లేకుండా వేడి ఎక్కడినుంచి వస్తుంది, ఎర్రబడిన తీగ ఎందుకు కాలిపోదు అని అడిగి, నేను చెప్పినదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పేది. తరువాత తన గుండ్రటి అడుగు గిన్నె తెచ్చి పళ్ళెం మీద పెట్టి, అంచును వేలితో నొక్కింది. గిన్నె ఊగింది.

"ఇది కూసుంటలేదు బిడ్డా. నీ కాయితంల దీని ముచ్చట ఉన్నదా?"

లేదు. వంగి చూస్తే గిన్నె అడుగు తీగకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. తాకితే గిన్నెకే కరెంటు వచ్చేది. నేనింకా స్విచ్చు వేయలేదు కాబట్టి సరిపోయింది. అడుగు చదునుగా ఉండాలని పదో నియమం రాశాను. ఆమె ఎల్లారెడ్డి వెళ్ళి నాలుగు గిన్నెల అడుగులు చదును చేయించుకొని వచ్చింది.

ఆ వారంలోనే ప్రమాదం జరిగింది. కట్టెల పొయ్యి దగ్గర, గిన్నె దించేముందు నిప్పుల మీద నీళ్ళు చల్లడం ఆమెకు నలభై ఏళ్ళ అలవాటు. పప్పు ఉడకగానే కుడిపక్కనున్న చెంబులో చెయ్యి ముంచి, ఎర్రగా ఉన్న తీగ మీద చల్లింది. పళ్ళెం ఫట్‌మని పగిలింది. ఆమెకు మోచేతి దాకా కరెంటు దెబ్బ తగిలింది. ఫ్యూజు పోయి సేటుగారి పంకా ఆగిపోయింది. ఆయన వచ్చి చూశారు. వచ్చే శుక్రవారం పట్నం నుంచి అధికారులు భోజనానికి వస్తున్నారని, కొత్త పొయ్యి వాళ్ళకు చూపించాలని, అప్పటికి ముసలమ్మకు చేతకాకపోతే హైదరాబాదు నుంచి వంటవాణ్ణి పిలిపిస్తానని చెప్పి వెళ్ళారు. బాలవ్వకు ఆ వంట తప్ప వేరే ఆధారం లేదు.

నీళ్ళ సంగతి మూడో నియమంగా రాశాను కదా అని నేను విసుక్కున్నాను. ఆమె చెయ్యి ఒత్తుకుంటూ గోడకేసి చూసింది.

"నాకు ఎర్కలేక చల్లిననా? నీ కాయితం గోడకున్నది, నా చెయ్యి ఈడున్నది. జర దీన్ని చూడు. ఏమేం చేస్తదో రాస్కో."

మరునాడు పొద్దున కట్టెల పొయ్యి పక్కన పీట వేసుకొని, ఆమె వండుతున్నంతసేపూ చేతులనే చూస్తూ రాశాను. మసి సులువుగా పోవాలని గిన్నె అడుగుకు తడిమట్టి పూసింది. ఉడుకుతున్న అన్నంలో ఇనుప గరిటె వదిలేసింది. తడి కొంగుతో గిన్నె పట్టుకుంది. ఎన్ని వచ్చాయని చివర అడిగింది. పద్నాలుగన్నాను.

"గంతేనా? ఇన్నేండ్లు వండితె పద్నాలుగేనా?" అని నవ్వింది.

వాటిలో అయిదు కరెంటు పొయ్యికి పనికిరావు. ఆ అయిదింటిలో మూడు నా కాగితంలో లేనే లేవు. ఎండిన మట్టి పూత రాలి తీగ గాడుల్లో పడుతుందని నాకు ఏ బడిలోనూ చెప్పలేదు.

మిగతావి మానడం ఆమెకు కష్టం కాలేదు. చెంబు వైపు వెళ్ళే చెయ్యి మాత్రం ఆగలేదు. కొత్త పళ్ళెం వచ్చాక కరెంటు లేకుండా నాలుగుసార్లు సాధన చేయించాను. నాలుగుసార్లూ అటే వెళ్ళింది. చివరికి చెంబును గడప అవతల పెట్టి, సరిగ్గా అది ఉన్నచోట, అదే ఎత్తున, కొయ్యపలక మీద స్విచ్చు బిగించాను. చెయ్యి తుడుచుకోవడానికి పక్కనే పొడిగుడ్డ వేలాడదీశాను. అయిదోసారి ఆమె చెయ్యి మళ్ళీ కుడివైపే వెళ్ళింది. వేళ్ళకు స్విచ్చు తగిలింది.

"ఇగ ఎటు పోతవో పో," అంది ఆమె, తన చేతినే చూస్తూ.

శుక్రవారం నాడు అధికారులు వంటగదిలోకే వచ్చి నిలబడ్డారు. ఒకాయన ఆమెను ఏదో అడుగుతున్నాడు. పప్పు పొంగుకొస్తోంది. నేను గడపలో నిలబడి ఆమె చేతినే చూస్తున్నాను. ఆమె ఆయన ముఖంలోకి చూసి జవాబు చెబుతూనే ఉంది. చెయ్యి మాత్రం తనంతట తాను కుడివైపు వెళ్ళింది. స్విచ్చు టక్కుమంది. తరువాత పొడిగుడ్డతో గిన్నె దించింది. హైదరాబాదు వంటవాడి మాట సేటుగారు మళ్ళీ ఎత్తలేదు.

నేను మిల్లు వదిలిన తరువాత కూడా ఆమె కొన్నేళ్ళు అక్కడే వండింది. నిరుడు పోయిందని తెలిసింది. నేనిప్పటికీ ఏ ఇంట కరెంటు పని చేసినా నియమాల కాగితం రాస్తాను, ఆ అలవాటు నన్ను వదలలేదు. అయితే దానికంటే ముందు, తీగలూ పలకలూ సంచిలోంచి తీయకముందే, వంట చేసేవాళ్ళను ఒక మాట అడుగుతాను. వాళ్ళు నన్ను వింతగా చూస్తారు. కరెంటు పనికి వచ్చినవాడికి నీళ్ళ చెంబు ఎక్కడ పెడతారో ఎందుకని.