ఏం కాదమ్మా

మా వదిన మత్తు డాక్టరు. మనుషులను నిద్ర అనే నదిలోకి దింపి, మళ్లీ గట్టుకు చేర్చడం ఆమె పని. దింపేముందు నుదుటి మీద చెయ్యి వేసి "ఏం కాదమ్మా" అనేది. ఆ మాటకే సగం మత్తు ఎక్కుతుందని నర్సులు నవ్వేవారు.

పసిపిల్లల గుండె ఆపరేషన్లకు మత్తివ్వడం నేర్చుకోవాలని అన్నయ్యతో కలిసి పరాయి దేశం వెళ్లింది. అక్కడ ఆమె చదువు చెల్లాలంటే ముందు ఒక పరీక్ష గట్టెక్కాలి. రోగుల్లా, వాళ్ల బంధువుల్లా నటించేవాళ్లు ఎదురుగా కూర్చుంటారు. వాళ్లతో మాట్లాడాలి. వదిన చేతికి వంక లేదు, మాట దగ్గరే తప్పింది. రెండుసార్లు తప్పింది. తెలియనిది తెలిసినట్టు ధైర్యం చెబుతోందట. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

ఈలోగా ఒక ఆసుపత్రిలో మంచాలు తోసే పనిలో చేరింది. ఆపరేషన్ గది తలుపు దాకానే ఆమె రాజ్యం. తలుపు దాటే హక్కు లేదు.

నేను చదువుకోవడానికి వెళ్లి వాళ్లింట్లోనే ఉండేదాన్ని. వంటింట్లో అన్నయ్యే రోగి. ఉల్లిపాయలు తరుగుతూ కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.

"డాక్టరుగారూ, నేను బతుకుతానా?"

"ఏం కా..."

"ఫెయిల్."

"నోరు జారిందండీ."

"జారడం కాదు, నీ ఎముకల్లోనే ఉందా మాట. మళ్లీ మొదలుపెట్టు. ఈసారి నాకు కిడ్నీ పోయింది."

"పోయింది మీ బుర్ర. ఆ ఉల్లిపాయలు ఇటివ్వండి."

ఒక ఉదయం వదిన ఒక పెద్దాయన మంచం తోస్తోంది. పొడవాటి నడవా. నున్నటి నేలలో తేలుతున్న దీపాలు ఒక్కొక్కటే మంచం కిందికి జారిపోతున్నాయి. తలుపు దగ్గర ఆయన మంచం కడ్డీ పట్టుకుని, "మళ్లీ లేస్తానా?" అన్నాడు.

మాట పెదవి దాకా వచ్చింది. కానీ మత్తిచ్చేది తను కాదు. ఆయన గుండె సంగతి తనకు తెలియదు. మాట మింగి, ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

"భయంగా ఉందా?"

"ఉంది. మా ఆవిడకి చెప్పలేదు."

"నాకు చెప్పండి."

తలుపు తెరుచుకునేదాకా ఆయన చెబుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇన్నాళ్లూ ఆ మాటని వాళ్ల భయం మీద మూతలా పెట్టానండీ" అంది అన్నయ్యతో. ఆ రోజు అన్నయ్య జోకు వెయ్యలేదు.

పరీక్షలో తల్లిగా నటించే ఆమె సూటిగా అదే అడిగింది: "మా పాపకి ఏం కాదు కదా?"

వదిన కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది. "ఏం కాదని మాటివ్వలేను. మత్తులో ఉన్నంతసేపూ పాప పక్కనుంచి మాత్రం కదలను. మీకు అన్నిటికంటే దేనికి భయంగా ఉంది?"

బయటికి రాగానే అన్నయ్య ఫోను.

"పాసేనా?"

"ఇప్పుడే చెప్పలేనండీ."

"నా దగ్గర కూడానా?"

"భయంగా ఉందా?"

"ఉంది" అన్నాడు అన్నయ్య, బుద్ధిగా.

ఇప్పుడు వదిన ఆ తలుపుకు అవతలి వైపు ఉంటుంది. మంచాల చక్రాల చప్పుడు వినగానే, ఎవరూ తట్టకముందే, తనే వచ్చి తలుపు తీస్తుంది.