పొడిచే ఎద్దు గురించి నేను చదవని వచనం

బైబిల్లో రెండో కాండం అనగానే మావాళ్లందరూ సముద్రం దగ్గర ఆగిపోతారు. నీళ్లు చీలాయి, జనం ఆరిన నేల మీద నడిచిపోయారు, తరిమిన ఫరో సైన్యం మునిగింది, ఇక పాట పాడుకుందాం. బానిసత్వం నుంచి విడుదల, అంతే కథ. నేను ఒప్పుకోను. సముద్రం దాటేసరికి పుస్తకం సగం కూడా కాదు. ఆ తర్వాతే అసలు తగువులు మొదలవుతాయి: ఎవరు తవ్విన గోతిలో ఎవరి గాడిద పడింది, ఎవరు పెట్టిన మంట ఎవరి చేను కాల్చింది. దాటినవాళ్లు ఒకరి పక్కన ఒకరు ఎలా బతకాలన్నది సముద్రం కంటే కష్టం.

జగ్గయ్యపేటలో మా చర్చికి శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల ఉపవాస కూడిక ఉంటుంది. వారానికొకరు ఒక పుస్తకాన్ని పరిచయం చెయ్యాలి. నందిగామ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని కదా అని రెండో కాండం నాకు అంటగట్టారు.

“సముద్రం సంగతి చెప్పండి చాలు సిస్టర్. ఆ చట్టాలు మనకి కాదు,” అంది పాస్టరు గారి భార్య.

“మనకి కాకపోతే మన పుస్తకంలో ఎందుకు అచ్చేశారండీ?” అన్నాను.

పంతం కొద్దీ ఎద్దు చట్టం తీశాను. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును చంపాలి, యజమాని తప్పు లేదు. అయితే అది పొడిచే ఎద్దని ముందే చెప్పినా అతను కట్టుదిట్టం చెయ్యకపోతే, నేరం అతనిదే.

వెనక గోడకు ఆనుకున్న ఒక పెద్దావిడ తలెత్తింది. ముక్త్యాల దారిలో ఊరు, మిరపకోతలకు వెళ్తుంది. ఆమె భర్త మా చర్చి సంఘ పెద్ద దగ్గర పాలేరుగా ఉండేవాడు. బండలాగుడు పందేల కోసం పెంచిన ఎద్దుకు దాణా పెడుతుంటే అది పొడిచింది, చనిపోయాడు. తాగి దాని మీదికి వెళ్లాడన్నాడు సంఘ పెద్ద. ఊరూ అదే అంది. ఆ పాలేరు చుక్క ముట్టని మనిషి. ఎద్దు మనుషుల మీదికొస్తోంది, విడిగా కట్టించండని ముందురోజే యజమానికి చెప్పి వచ్చానని భార్యతో అన్నాడట.

“ఇంకోసారి చదువు టీచరమ్మా.”

చదివాను.

“అంటే మా ఆయన చెప్పింది లెక్కలోకొచ్చిద్దన్నమాట.”

“వస్తుంది పెద్దమ్మా.”

“నాకేం వద్దులే. చెప్పాడని సంఘ పెద్ద గారు నలుగురిలో ఒప్పుకుంటే చాలు. తాగుబోతన్న పేరు పోద్ది. ఆ కిందేమన్నా ఉందా?”

ఉంది. మూడు వచనాల కింద ఉంది. పొడిచింది దాసుణ్ణయితే, ఎద్దుగలవాడు ఆ దాసుడి యజమానికి ముప్పై తులాల వెండి ఇచ్చి, ఎద్దును చంపితే సరిపోతుంది. నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

“అంతే,” అని పుస్తకం మూసేశాను. సముద్రం దగ్గర ఆగేవాళ్లను అంత వెటకారం చేసినదాన్ని, నాకు నచ్చిన చోట నేనూ ఆగాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి గుమ్మం దగ్గర, అందరూ ఉండగా ఆవిడ సంఘ పెద్దను అడిగింది.

“అయ్యా, ఎద్దు పొడిచిద్దని మా ఆయన మీకు చెప్పలేదా?”

ఆయన కోప్పడలేదు. తన బైబిలు తెరిచి, వేలు పెట్టి, దాసుడి వచనం నెమ్మదిగా చదివాడు.

“టీచరమ్మ ఇది చదవలేదా నీకు? నీ మొగుడు నా పాలేరు. ఆ ఎద్దునీ అమ్మేశా. ఇంకేం మిగిలిందే?”

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. వాక్యం చదివాక ఎదురు మాట్లాడటం మా చర్చిలో లేదు. చంపమన్న ఎద్దును అమ్ముకున్నావేమయ్యా అని కూడా అడగలేకపోయాను. ఊరంతా నోటి దురుసని చెప్పుకునే మనిషిని నేను.

ఆవిడ నావైపు తిరిగింది. “ముందే చదివుంటే అడిగేదాన్ని కాదుగదమ్మా. ఇప్పుడు మా ఆయన తాగుబోతే కాదు, దాసుడు కూడా అయ్యాడు.”

తర్వాత కూడికకు రాలేదు. మిరపకోతలన్నారు. కోతలు అయిపోయి నెలలైంది.

ఎద్దు ఒకడిది, దాసుడు ఇంకొకడికి చెందినవాడు అనుకుని రాసిన చట్టం అది. యజమాని ఒకడే అయితే వెండి తన చేత్తో తనకే ఇచ్చుకోవాలి. దీన్ని పాస్టరు గారిని అడిగితే ప్రార్థనలో పెట్టమన్నారు. పెట్టను. నాకు జవాబు కావాలి. ఎద్దు పొడుస్తుందని పాలేరు చెప్పిన మాట యజమాని ఒక్కడే విన్నప్పుడు, చెప్పినవాడు చనిపోయినప్పుడు, అతను చెప్పాడని ఎవరు చెప్పాలి?