రెండు పక్కన సున్నా

శుక్రవారం, సంత రోజు, సాయంత్రం నాలుగుంపావు. అప్పటినుంచి ఏళ్లుగా ఒక సున్నాని మోస్తున్నాను. సున్నాకి బరువుంటుందా? ఉంటుంది. ఇంట్లో వినేవాళ్లు లేరు. అందుకని ఇది చదివే నీకు చెబుతున్నాను.

మా కాఫీ రైతుల సంఘానికి నేను పెద్దని. ఆఫీసులో కంప్యూటరు చూసే రాజులమ్మ నా మనవరాలి ఈడుది. అరవై దాటాక నాకు అక్షరాలు, అంకెలు దిద్దించింది ఆ పిల్లే. రైతుల పేర్లు, పంట లెక్కలు ఉండే డేటాబేసు ఆ రోజు నత్తలా నడిచింది. వరుసలో నిలబడ్డ సోమన్న, "మామా, నీ మిషను కన్నా నా ముసిలెద్దు నయం" అన్నాడు. అందరూ నవ్వారు.

రాజులమ్మ సెట్టింగుల ఫైలు తెరిచి ఒక అంకె చూపించింది.

"ఇది డేటాబేసుకి ఇచ్చిన మెమరీ, తాతా. అరుగులాటిది. మాటిమాటికీ కావలసినవి అరుగు మీదుంటాయి, బేగి దొరుకుతాయి. మిగతావి అటక మీద. ఒక జీబీ ఉన్నాది, రెండు సేత్తన్నాను."

"రెండేటి? ఇల్లంతా అరుగే సెయ్యి."

"మరి మనమెక్కడ తొంగుంటాం?"

నవ్వింది. రెండు కొట్టింది. ఫోనొస్తే బయటికెళ్లింది.

నేను రెండు పక్కన సున్నా కొట్టాను. ఆమె తిరిగొచ్చి, చూడకుండానే సేవ్ చేసింది. పొద్దున్న మళ్లీ తెరిస్తే మారుతుందిలే అంది.

పొద్దున్న డేటాబేసు లేవనే లేదు. మిషనులో ఉన్న మెమరీయే ఎనిమిది జీబీ, ఇరవై అడిగితే ఎక్కణ్ణుంచి తెస్తుంది? తూకాలు ఎక్కించే దారి లేక, బస్తాలతో కొండలు దిగినవాళ్లు వానలో వెనక్కి పోయారు. గింజ తడిసింది. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు ఇరవై ఎవరు పెట్టారని అడిగాడు.

"నేనే కొట్టేసుంటాను సార్" అంది రాజులమ్మ.

అబద్ధం కాదు. అలాగే నమ్మింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆమె ఉద్యోగం పోయింది.

ఎందుకు కొట్టాను? వరుస కదలాలనా, సోమన్న నోరు మూయించాలనా, లేక ముసలితనంలో నేర్చిన అంకె ఒక్కసారైనా నిజంగా పనిచెయ్యడం చూడాలనా? చివరిదే అనుకుంటాను. గుమ్మంలో నోరెందుకు తెరవలేదు? పెద్దరికం పోతుందని. పెద్దరికం మిగిలింది. సాయంత్రాలు పక్కన కూర్చుని నా రాత దిద్దే మనిషి పోయింది.

ఇప్పుడెక్కడుందో తెలియదు. తప్పు తనదేననుకుంటూ బతుకుతుంటుంది. క్షమించమని అడగను. ఆమె నేర్పిన అక్షరాలతోనే ఇది రాశాను, అంతే.

ఆ రోజు ఉన్నవాళ్లు: కాటా దగ్గర బుద్రన్న, వరుసలో సోమన్న, సుక్రి, బయట ఫోనులో రాజులమ్మ. కంప్యూటరు ముందు నేనొక్కణ్ణే.