మా నీళ్లు ముట్టని మధ్యవర్తి

ఆయన విచారణకు వచ్చినప్పుడల్లా సొంత నీళ్లసీసా తెచ్చుకునేవాడు. చాయ్ ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, "ఎవ్వలయీ ముట్ట. నాకు ఇద్దరూ సమానమే" అనేవాడు. నేను నమ్మాను.

ఆర్మూర్ మార్కెట్‌యార్డులో పసుపు ఆరబోసే సిమెంటు కల్లం నేనే కట్టాను. ఏడాదికే పగిలింది. తప్పు కాంట్రాక్టరునైన నాదేనన్న ప్రభుత్వ శాఖే, ఆ తగవు తేల్చడానికి తమ దగ్గర రిటైరైన ఈ పెద్ద ఇంజినీరును మధ్యవర్తిగా వేసింది. ఒప్పందంలో అలాగే ఉందట.

చివరి రోజు ఆ శాఖ ఇచ్చిన కల్లం నక్షా ఆయన ముందు పరిచాను. "సార్, కింద కంకర పొరే చూపియ్యలే, అందుకే పగిలింది. దీంట్ల ఉన్నట్టే కట్టిన. గీ సంతకం మీదే గదా?"

"నాదే. నేను గీసిన దాంట్ల తప్పెట్లుంటది?"

తీర్పు నాకు వ్యతిరేకంగా రాసేసి, తన సీసా నా వైపు జరిపాడు.

"జర నీళ్లు తాగు. మొఖం గుంజుకపోయింది."