బావ కాలి కింది బ్రేకు

మా అక్క మొగుడు కారు నడపడం నేర్పుతాడు. ఇరవై రెండేళ్లలో తన శిష్యులెవరూ బండికి గీత కూడా పడనివ్వలేదని ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించుకున్నాడు. ఆ గోడ చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేర్పే బండిలో ఆయన సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, ప్రమాదం ముంచుకొస్తే తొక్కడానికి. మా బావ దాన్ని ప్రతి మలుపుకీ తొక్కేవాడు. మెత్తగా, చప్పుడు లేకుండా, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ. స్కూలు మలుపులో నేను నలభైలో దూసుకెళ్ళినా బండి ఇరవైకి దిగిపోయేది. "చూశావా, నీకు చెయ్యి తిరిగిపోయింది" అనేవాడు. నేనూ పొంగిపోయేదాన్ని. పదో రోజున ఆయన చెప్పు కదలడం నా కంటపడింది.

"ఏంటి బావా ఇది?" అని నిలదీశాను.

"తప్పు చూపించి తిడితే రేపటినుంచి రారు. తామే నడిపామనుకుంటే ధైర్యం వస్తుంది. నువ్వు నోరు మూసుకో."

ఆ రోజే మానేసి వేరేచోట మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. అక్కకు చెబితే మొగుణ్ణే వెనకేసుకొచ్చింది.

కిందటి నెల, బావ దగ్గరే నేర్చుకున్న వాళ్ళమ్మాయికి లైసెన్సు వచ్చింది. ఆ పరీక్షలో మైదానంలో ఎనిమిది అంకె చుట్టి వస్తే చాలు, వేగంతో పనే లేదు. నేను ఆఫీసుకే వెళ్ళి చెప్పాను.

"పిల్లని ఒంటరిగా పంపకు బావా. ముందు నిజం చెప్పు."

"నా కూతురికి నేర్పడం నాకు తెలీదా? నీ ఏడుపేదో నీ ఇంట్లో ఏడు."

మూడో రోజు పొద్దున ఆ పిల్ల వాళ్ళమ్మ కారు తీసుకుని కాలేజీకి బయల్దేరింది. స్కూలు మలుపులో తిరగలేక కొట్టు గోడను గుద్దింది. స్కూలుకి సెలవు కాబట్టి సరిపోయింది. కాలు రెండుచోట్ల విరిగింది.

ఆసుపత్రికి నేను వెళ్ళేసరికి ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉంది.

"అక్కడ యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, బండి నెమ్మదించేది పిన్నీ. రోజూ అంతే. అమ్మ బండికే ఏదో తేడా ఉంది. నాన్నా, ఒకసారి చూపించు."

మా బావ మందుల చీటీ మడతపెడుతున్నాడు.

"చెప్పు బావా" అన్నాను.

"చూపిద్దాంలే అమ్మా, మెకానిక్‌కి" అన్నాడు కూతురితో.

ఆ మనిషి మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

"బండికి తేడా ఏం లేదమ్మా" అని మొదలుపెట్టి, అంతా చెప్పాను.