కవర్ తియ్యని కానుగలు

ఎల్లస్వామిది రామన్నపేట దగ్గరి చేనేత కుటుంబం. తండ్రి ధర్మయ్య ఇప్పటికీ మగ్గం నేస్తాడు. కొడుకు మాత్రం నల్లగొండ వైపు ఒక విశ్వవిద్యాలయంలో అటెండరు, అదీ కాంట్రాక్టు మీద. తెలంగాణ వచ్చాక ఏటా వానాకాలం అక్కడ మొక్కలు నాటడం రివాజైంది. పోయిన ఏడాది పరిపాలన భవనం ముందు పన్నెండు కానుగలు పెట్టారు. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచే రాతినేల అది. ఆ పన్నెండు గుంతలు తవ్వడానికి ఎల్లస్వామికి నాలుగు రోజులు పట్టింది.

నాటిన రోజు ఫోటోలు దిగినవాళ్లు మళ్లీ అటు చూడలేదు. సమావేశాల్లో సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలను అతను ఏరుకొచ్చేవాడు. ప్రొఫెసర్ ప్రమోద్ సారు గదిలో మనిషి ఉన్నా లేకున్నా ఏసీ నడిచేది. దాని గొట్టం నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి ఆ సీసాలు నింపేవాడు. ఇంటి నుంచి తెచ్చిన నూలు పోగులు మూతికి కుక్కి, మొక్క మొదట్లో బోర్లించేవాడు. ఎండాకాలమంతా చుక్కచుక్కగా తడి దిగేది. ఊడ్చే గోవిందమ్మ టిఫిన్ గిన్నె కడిగిన నీళ్లు, కంప్యూటరు దగ్గర పనిచేసే సంధ్య సీసాలో మిగిలిన నాలుగు గుక్కలు, అవీ ఆ మొక్కలకే. సంధ్య చెప్పులు పక్కన విడిచి మరీ పోసేది. గుడిలో అభిషేకం చూసినట్టే ఉండేది. పన్నెండూ బతికాయి.

ఈ ఏడు తనిఖీ బృందం వస్తోందనీ, మర్నాడు పొద్దున కల్లా కొత్త మొక్కలు నాటాలనీ పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఆఫీసు సూపరింటెండెంటు విజేందర్ సారు గుంతలు సిద్ధం చేయమన్నాడు. ఈ రాతిలో ఒక్క రోజులో కావని ఎల్లస్వామి చెప్పాడు.

"కొత్త గుంతలెందుకయ్యా, పాతయి ఉన్నయి గదా."

"అండ్ల చెట్లున్నయి సార్. నడుం దాక పెరిగినయి."

"పీకెయ్. అవి పోయినేడు ఫోటోల పడ్డయి. గీయేడు వేరేటివి పడాలె."

పర్యావరణం పాఠాలు చెప్పేది ప్రమోద్ సారే కనుక ఎల్లస్వామి ఆయన దగ్గరికి పోయాడు. సారు మంచిగానే మాట్లాడాడు. కూర్చోమన్నాడు, చల్లటి నీళ్లు ఇప్పించాడు, పాపమే అన్నాడు. "గని అది ఆఫీసు పని ఎల్లస్వామీ. నేను నడుమల వస్తే బాగుండది" అని, మర్నాటి ఉపన్యాసం కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

వేరేవాళ్ల చేతికి ఇవ్వలేక ఎల్లస్వామి తనే పీకాడు. వేర్లు బండ సందుల్లోకి దిగిపోయి ఉన్నాయి. గుంజితే తెగాయి. రెండే మట్టితో వచ్చాయి. వాటికి గోవిందమ్మ తన పాత చీర చింపి, తడిపి చుట్టింది. వాటిని ఊరికి తీసుకుపోతుంటే బస్సులో కండక్టరు తన సంచి జరిపి జాగా ఇచ్చాడు. తక్కిన పదీ భవనం వెనక కుప్పగా వాడిపోయాయి.

మర్నాడు పొద్దున్నే కొత్త కానుగ మొక్కలను గుంతల్లో అతనే నిలబెట్టాడు. పెద్దసార్లు తలా పిడికెడు మట్టి వేసి ఫోటోలు దిగారు. ప్రమోద్ సారు ఉపన్యాసానికి చప్పట్లు బాగా పడ్డాయి. బృందం పచ్చదనానికి మంచి మార్కులే వేసి పోయింది.

సాయంత్రం సంధ్య ఎప్పటిలాగే నీళ్లు పోయబోయి ఆగింది. మట్టిలోంచి నర్సరీ నల్ల కవరు అంచు కనిపిస్తోంది. ఆ ఒక్కదానికే కాదు, పన్నెండింటికీ.

"అన్నా, కవర్లు తియ్యకుంటనే నాటినవేంది?"

ఎల్లస్వామి ఖాళీ సీసాలను చెత్తబుట్టలో వేస్తున్నాడు.

"తీస్తే వేర్లు లోపటికి పోతయి చెల్లె. మల్లేడు పీకంగ తెగుతయి. గిట్లుంటే మట్టితోటే పైకొస్తయి."

సంధ్య చెప్పులు విడిచి, ఆ కవర్లలోకే నీళ్లు పోసింది.